పాపా వాలా దోశ

పొద్దున్నే పెనం మీంచి మొదటి దోశ తీసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తాడు పద్మనాభం. అంచు వంకరపోయిందా, అది తన పళ్లెంలోకి. గుండ్రంగా వచ్చిందా, కొడుకు చైతు పళ్లెంలోకి.

పోయినేడు వరకూ అతనికి అట్లకాడ ఎక్కడుంటుందో తెలియదు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో మెట్రో ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది చీకటిపడ్డాకే. పదకొండేళ్ల చైతుకు ఆటిజం. వాడి బడి, థెరపీ, మిక్సీ మోతకు చెవులు మూసుకుని పెట్టే ఏడుపు, అన్నీ భార్య కస్తూరే చూసుకునేది. తెలుగు ఎమ్మే చదివిన మనిషి, పుస్తకం తెరిచి ఏళ్లయింది.

అంతలో గువాహతికి బదిలీ అన్నారు. మంచం జరిపితేనే చైతుకు నిద్రపట్టదు. ఊరే మారితే, అలవాటైన థెరపీ టీచరు దూరమైతే ఏమైపోతాడోనని ఇద్దరి గుండెల్లో రాయి పడింది. వైకల్యమున్న బిడ్డను ప్రధానంగా చూసుకునే ఉద్యోగిని అలాంటి బదిలీ నుంచి మినహాయిస్తారు. పద్మనాభం దరఖాస్తు పెట్టాడు. బిడ్డను ప్రధానంగా చూసుకునేది ఎవరన్నచోట ఉన్నమాటే రాశాడు: నా భార్య.

పై అధికారి నేహా మేడమ్ చదివి నవ్వాపుకోలేకపోయింది. "అచ్ఛా, పద్మనాభంజీ, దీని ప్రకారం ఢిల్లీలో ఆగాల్సింది మీ ఆవిడ. ఆవిడకెవరూ బదిలీ వేయలేదే."

నెలాఖరులోగా సరిచేసి ఇమ్మంది. అబద్ధం మాత్రం రాయనని ఇంటికొచ్చి భీష్మించుకున్నాడు. కస్తూరి ఇంకా నవ్వింది.

"రాయొద్దు లెండి. నిజం చేసి రాయండి. రేపటి నుంచి వాడు మీవాడు."

మొదటి దోశ అచ్చం అస్సాం పటంలా వచ్చింది. చైతు పళ్లెం తోసేశాడు. "పాపా, యే గోల్ నహీ హై."

రెండోదీ గుండ్రంగా రాలేదు, గోల్ కాదు. మిక్సీ వేసేముందు వాడికి చెప్పి బాల్కనీలో కూర్చోబెట్టాలని, చట్నీ దోశకు తగలకూడదని, బడి బస్సు ఆలస్యమైతే వాడు కుదురుగా ఉండేందుకు ఇద్దరూ మెట్రో స్టేషన్ల పేర్లు వరసగా చెప్పుకోవాలని మెల్లగా తెలిసొచ్చింది. ఆఫీసు నుంచి పెందరాళే వచ్చి థెరపీకీ తనే తీసుకెళ్లసాగాడు.

నెలాఖరున పద్మనాభానికి జలుబు చేస్తే దోశ కస్తూరి వేసింది. ఎప్పటిలా చందమామలా వచ్చింది. చైతు దాన్ని పక్కకు జరిపి, ముక్కు చీదుకుంటున్న తండ్రి వైపు చూశాడు.

"పాపా వాలా." నాన్న వేసిందే కావాలట.

"ఇన్నేళ్లు వేసి పెట్టాను కదరా," అని కస్తూరి కాసేపు ఉడుక్కుంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇక రాసుకోండి."

మినహాయింపు వచ్చింది. ఇప్పుడు కస్తూరి పొద్దున్నే లక్ష్మీ నగర్ వెళ్లి, సివిల్స్‌కు చదివే పిల్లలకు తెలుగు సాహిత్యం చెబుతోంది. పద్మనాభం అదే ఆఫీసులో, అదే సెక్షన్‌లో పనిచేస్తున్నాడు.