వీపుకు బెల్టు

ప్రార్థన అయ్యాక పిల్లలందరినీ చేతులు పైకెత్తమన్నాను. వెనక వరుసలో మా అక్క కూతురు సగం దాకా ఎత్తి దించేసింది. బద్ధకమనుకుని గట్టిగా అరిచాను. పళ్ళు బిగబట్టి మళ్ళీ ఎత్తింది. ఈసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదో తరగతిలో ఉండగా పరుగు పందెంలో తనకంటే పెద్దవాళ్ళను దాటుకొచ్చి, ఆగడం చేతకాక నన్ను గుద్దుకుని నవ్విన పిల్ల అది. ఇప్పుడు ఏడో తరగతి.

సాలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. ఏ పిల్ల కాలు ఈడుస్తోంది, ఏ పిల్లాడు ఒక భుజం దించి నడుస్తున్నాడు అన్నది దూరం నుంచే నా కంటబడుతుంది. అలాంటిది రోజూ నా ఎదురుగా నిలబడే సొంత అక్క కూతురు విషయం నాకు ఆ పొద్దున దాకా తెలియలేదు. స్కూలు వదిలాక గేటు పక్కన ఆపి అడిగాను. మెడ వెనక నుంచి భుజం దాకా లాగుతోందట. సాయంత్రానికి తల కూడా నొప్పెడుతుందట. ఎప్పటి నుంచి అంటే గుర్తు లేదంది. అమ్మకు చెప్పావా అంటే నా వంక వింతగా చూసింది.

“సెప్పడానికేటుంది పిన్నీ? అందరికీ నొస్తాది కదా.”

అందరికీ నొస్తుందట. ఆ పిల్ల తోటివాళ్ళంతా మెడ నొక్కుకుంటుంటే, పళ్ళు ఊడి కొత్తవి వచ్చినట్టు ఇది కూడా ఆ వయసులో వచ్చేదే అనుకుంది. ఆ మాటతో నాకు మొదలైన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

ముందు మా స్కూలు సంగతి చెప్పాలి. ఆ ఏడు జూన్‌లో ఆరో తరగతి నుంచి పైకి ప్రతి పిల్లకీ ఒక టాబ్ కొనిపించారు. పాఠం దాంట్లోనే, హోంవర్కు దాంట్లోనే, పరీక్షా దాంట్లోనే. తల్లిదండ్రులు మురిసిపోయారు, సాలూరుకి సిటీ చదువు వచ్చిందన్నారు. బెంచీలు మాత్రం పాతవే. ఆ ఇరుకు బెంచీ మీద టాబ్ పడుకోబెట్టి, పిల్లలు బావిలోకి తొంగిచూస్తున్నట్టు తలలు వేలాడేసి కూర్చునేవారు. దసరా సెలవుల తరవాత పరీక్షలు ఎక్కువయ్యాయని ఆటల పీరియడ్లు తీసేసి వాటికి ‘డిజిటల్ ప్రాక్టీసు’ అని పేరు పెట్టారు. ఆ గంట పిల్లల్ని కాపలా కాయడం నా పని. మెడలో విజిల్ వేసుకుని, పిల్లలు కదలకుండా చూడటానికి జీతం తీసుకోవలసిన గతి పట్టింది నాకు. మధ్యలో ఓసారి లేపి, భుజాలు తిప్పించి, కిటికీ దాకా నడిపించాను. గోల వినిపిస్తోందని కరస్పాండెంట్ గారు కబురు పెట్టారు. క్లాసులో డ్రిల్లు చేయించొద్దన్నారు. మరి డ్రిల్లు ఎక్కడ చేయించాలో చెప్పలేదు.

ఇక ఇల్లు. మా బావకు సొంత లారీ ఉంది, తనే తోలుతాడు. ఘాటీ రోడ్డెక్కి ఒడిశా మీదుగా రాయపూర్ దాకా వెళ్ళి వస్తుంటాడు. ఇంట్లో ఉండేది తక్కువ కాబట్టి ఆ లోటంతా కూతురికి పెద్ద ఫోన్ కొనిచ్చి తీర్చాడు. టాబ్‌లో స్కూలు పని అయ్యాక ఫోన్. మంచం మీద గోడకు జారగిలబడి, పొట్ట మీద దిండు పెట్టుకుని, గడ్డం గుండెకి ఆనించి గంటలు గంటలు అలాగే. నేను వెళ్ళినప్పుడల్లా అరిచేదాన్ని. అక్క నవ్వేసేది. ఎండలో తిరగదు, ఎవరితో గొడవ పడదు, చెప్పిన చోట ఉంటుంది, అంతకంటే బంగారం లాంటి పిల్ల ఎక్కడుంటుంది అనేది. చుట్టాలంతా అదే మాట. పిల్ల అంత నెమ్మదిగా ఉండటం చూసి ఒక్కరికీ అనుమానం రాలేదు.

నొప్పి సంగతి చెప్తే అక్క ముందు దిష్టి తీసింది. తరవాత స్కూలు సంచి బరువంది. నూనె కాచి రాసింది. కళ్ళు చూపించి అద్దాలు పెట్టించింది. ఏదీ పని చేయకపోతే, నేను పట్టుబట్టి అందరినీ విజయనగరం తీసుకెళ్ళాను. అక్కడ ఎముకల డాక్టరు పిల్లను నడిపించి, వంగమని, తల అటూ ఇటూ తిప్పమని, చేతులు ఎత్తమని ఓపిగ్గా చూశాడు. ఎముకలో ఏ దోషమూ లేదన్నాడు. మెడకీ వీపుకీ ఉన్న కండరాలు కదలిక లేక బలం పోగొట్టుకున్నాయట, వేలాడే తలను రోజంతా మోసి అలిసిపోతున్నాయట. టాబ్‌ను కళ్ళకు ఎదురుగా ఎత్తులో పెట్టమన్నాడు, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టమన్నాడు, మధ్యమధ్యలో లేచి తిరగమన్నాడు, రోజూ ఆడుకోమన్నాడు. నాలుగు వ్యాయామాలు చేసి చూపించాడు. మందు రాయలేదు. చేతులు తిమ్మిరెక్కినా, నొప్పి ముదిరినా వెంటనే తీసుకురమ్మన్నాడు.

బావకు అది నచ్చలేదు. ఇంత దూరం వచ్చింది ఆడుకోమని చెప్పించుకోవడానికా అని దారి పొడుగునా గొణిగాడు. ఇల్లు చేరకముందే ఫోన్‌లో వీపు నిటారుగా ఉంచే బెల్టొకటి చూసి ఆర్డరు పెట్టేశాడు. భుజాల మీదుగా పట్టీలు, వెనక గట్టి రేకులు. అక్క రోజూ పొద్దున్నే పిల్లకు అది బిగించి, పైన యూనిఫాం వేసి పంపేది. నాకు ఒక్క మాట చెప్పలేదు.

నాకెలా తెలిసిందంటే, ఒకరోజు మెట్ల మీద పిల్ల భుజం మీద చెయ్యి వేస్తే గట్టిగా ఏదో తగిలింది. ఆడపిల్లల గదిలోకి తీసుకెళ్ళి చూశాను. చంకల కింద పట్టీలు ఒరుసుకుని చర్మం లేచిపోయి, ఎర్రగా చెమ్మగా ఉంది. తీసేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనీ పిన్నీ. ఇది కట్టుకుంటే ఎక్కువసేపు కూకోగలుగుతన్నాను.”

ఎక్కువసేపు కూర్చోవడానికి బెల్టు. ఆ సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని అక్క ఇంటికి ఎలా వెళ్ళానో నాకే తెలియదు. బావ వీధిలో లారీ కడుగుతున్నాడు. అక్క అరుగు మీద చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. బెల్టు తెచ్చి వాళ్ళ మధ్య పడేశాను. పిల్ల ఒంటి మీద పుళ్ళు చూశారా అని అడిగాను. అక్క చూడలేదు. బావ నీళ్ళ గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మంచి రకం చూసే తెప్పించానన్నాడు.

“బావా, ఘాటీలో ఇంజన్ వేడెక్కితే ఏటి సేస్తావు?”

“పక్కకి ఆపుతాను.”

“తాళ్ళేసి కట్టి ఇంకా తోలవు కదా? ఇనుముకిచ్చిన రెస్టు నీ కూతురికియ్యవా?”

అతను గొట్టం కింద పెట్టేశాడు. అక్క మాత్రం ఊరుకోలేదు. చాట పక్కకు తోసి లేచింది.

“ఆ పలక సేతికిచ్చింది నీ బడే కదే. అక్కడ అడగలేవు గానీ మా మీద పడతావేటి?”

కొట్టినట్టయింది. కానీ ఆ మాటలో తప్పేమీ లేదు. పిల్ల పుళ్ళకు మందు రాసి ఇంటికొచ్చాను. ఆ వారంలోనే స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం ఉంది.

ఆ సమావేశంలో కరస్పాండెంట్ గారు తెర మీద బొమ్మలు వేసి, వచ్చే ఏడు పరీక్షల గురించి చాలాసేపు చెప్పారు. ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నారు. టీచర్లు అడగకూడదని నాకు తెలుసు. లేచాను. తల్లిదండ్రుల పక్కన కూర్చున్న పిల్లల వైపు తిరిగి, మెడో వీపో నొప్పెడుతున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాను. ముందు ఎవరూ కదల్లేదు. మా అక్క కూతురు ఎత్తింది. దాని పక్క పిల్ల ఎత్తింది. అంతే, హాలు నిండా చేతులు లేచాయి. కొందరి చేతులు చెవి దాకా కూడా రాలేదు. ఒక తల్లి తన కొడుకు చేతిని పట్టుకుని, నిజమేనా, నాకెందుకు చెప్పలేదని అడుగుతోంది. ఇంకొకాయన ఆడుకోవడానికి దొంగ వేషమని కొడుకు చెయ్యి కిందికి లాగేశాడు. నాకు ఆయన్ని ఆ పిల్లాడి బెంచీలో ఒక పూట కూర్చోబెట్టాలనిపించింది.

కరస్పాండెంట్ గారు నవ్వారు. డ్రిల్లు మేడం గారికి ఆటల పీరియడ్ పోయిందని బాధగా ఉన్నట్టుందన్నారు. ముందు వరుసల్లో కొందరు నవ్వారు కూడా. అప్పుడు వెనక నుంచి మా బావ లేచాడు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. టోపీ చేతిలో నలుపుకుంటూ అన్నాడు.

“ఆటలు తీసేసినట్టు మాకెవులూ సెప్పలేదండి.”

నవ్వులు ఆగిపోయాయి. నిజంగానే ఎవరికీ తెలియదు. పిల్లలు ఇంట్లో చెప్పలేదు, స్కూలు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒక్కొక్కరూ లేచి అడగడం మొదలుపెట్టారు. చివరికి పాత పీరియడ్లలో ఒకటి తిరిగి ఇస్తామన్నారు. పిల్లలు క్లాసు క్లాసుకీ మధ్య లేచి నిలబడవచ్చన్నారు. బెంచీల మాట ఎత్తితే చూద్దామన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. నన్ను గదిలోకి పిలిచి, తల్లిదండ్రుల ముందు ఇంకోసారి నోరు తెరిస్తే వేరే స్కూలు చూసుకోవలసి వస్తుందని మర్యాదగా చెప్పారు. వింటున్నంతసేపూ ఆయన ఒక చేత్తో తన మెడ నొక్కుకుంటూనే ఉన్నారు.

బావ నాతో ఆ గొడవ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. లారీలకు బాడీ కట్టే షెడ్డుకి వెళ్ళి, మిగిలిన చెక్కతో టాబ్‌ని ఎత్తులో నిలబెట్టే స్టాండు ఒకటి, కాళ్ళ కింద పీట ఒకటి చేయించి తెచ్చాడు. ఊళ్ళో ఉంటే సాయంత్రం పూట ఫోన్ తీసి అక్క చేతికిచ్చి, పిల్లను లారీల స్టాండు వెనక ఖాళీ స్థలంలో షటిల్ ఆడిస్తున్నాడు. అక్క మొదట్లో మార్కుల గురించి ఏడ్చింది. మార్కులు కొంచెం తగ్గాయి కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. చలికాలం వెళ్ళేసరికి పిల్ల చేతులు పూర్తిగా లేచాయి. పరీక్షల వారాల్లో ఇప్పటికీ మెడ పట్టేస్తుంది. ఇప్పుడు మాత్రం దాచుకోదు, వచ్చి చెప్తుంది. పందెంలో ముందులా ఎవరినీ దాటలేకపోతోంది. రొప్పుతూ చివరి దాకా పరుగెడుతోంది.

మొన్న స్టాఫ్ మీటింగులో కరస్పాండెంట్ గారు ఒక శుభవార్త అన్నారు. వచ్చే జూన్ నుంచి ఒకటో తరగతి పిల్లలకు కూడా టాబ్‌లట. చిన్నప్పటి నుంచే అలవాటవుతుందట. టీచర్లు చప్పట్లు కొట్టారు. ఒకటో తరగతి పిల్లలను నేను రోజూ గ్రౌండులో చూస్తాను. వరుసలో ఒక్క క్షణం నిలబడరు, కప్పల్లా గెంతుతుంటారు, వాళ్ళను ఆపడానికి నా గొంతు పోతుంది. చప్పట్లు అయ్యేదాకా ఆగలేదు, లేచి నిలబడ్డాను. కూర్చోండి మేడం, తరవాత మాట్లాడదాం అన్నారు. నేను కూర్చోలేదు.