ఖాళీ చూపించే మాస్టారు

కారు నేర్పే మాస్టారి నోట "వద్దు" అన్న మాట ఎవరూ వినలేదు. బండి గోడ మీదికి పోతున్నా, బట్టతల నిమురుకుంటూ "రోడ్డు ఇటుందమ్మా" అంటాడు. స్కూలు వ్యాను ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న దర్జీ ఆవిడ రెండు స్తంభాల మధ్యకు కారు వెనక్కి పోనిచ్చే పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. "స్తంభానికి తగిలించకు, తగిలించకు" అని వాళ్ళాయన నూరిపోసిన కొద్దీ ఆవిడ చూపు స్తంభం మీదికే పోయేది. చూపు వెంట కారూ పోయేది. మాస్టారు నెలరోజులూ ఒకటే పాట పాడాడు: "మధ్యలో ఖాళీ ఎంతుందో చూడు తల్లీ!" మూడో పరీక్షలో ఆవిడ ఆ ఖాళీనే చూసింది. కారు వెనక్కి వెళ్ళి, సూదిలోకి దారంలా స్తంభాల నడుమ దూరింది. అధికారి "పాస్" అనగానే మాస్టారు పరుగున వచ్చి తలుపు తీశాడు. ఆవిడ దిగితేనా! "పక్కన కూర్చోండి మాస్టారూ, ఇంటిదాకా నేనే తోలతా" అంది. పరీక్ష చూడ్డానికొచ్చిన వాళ్ళాయన వెనక సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.