పుట్టలో పాలు పోసిన క్రైస్తవురాలు

మా ఊరి సంఘంలో పాముకు పాలు పోసే క్రైస్తవురాలు ఒక్కతే ఉండేది. ఆమె మా నాయనమ్మ. ఈ మాట నేనన్నది కాదు, సంఘ పెద్దలు అన్నది. అలా అన్న నోళ్ళన్నీ ఒక్క పూటలో ఎలా మూతపడ్డాయో కళ్ళారా చూశాను కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను. అప్పుడు నాకు నవ్వు రాలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాయనమ్మ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, అక్కడక్కడా పొగాకు. మా వాళ్ళు తరతరాలుగా ఆ చేలల్లో కూలికి పోయినవాళ్ళు. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేను. ఎనభైల్లో మా గుడి పక్కనున్న బడిలోనే టీచరుగా చేరాను. మా వాళ్ళు చర్చిని గుడి అంటారు, పాస్టరును అయ్యగారంటారు. ఆ గుడి కట్టించింది ఒక తెల్లదొర. ఊళ్ళో ఆయన్ని పెద్దదొర అనే వాళ్ళు. ఆయనా, ఆయన భార్యా గుడికి కుడిపక్కన పాలరాతి సమాధుల్లో ఉన్నారు. వాళ్ళ కొడుకు చిన్నదొర, కోడలు చిన్న దొరసాని కొన్నేళ్ళు ఇక్కడ కాపురం చేసి వాళ్ళ దేశం సీమకు వెళ్ళిపోయారు. మా నాయనమ్మ తల్లి ఆ చిన్న దొరసాని బంగళాలో పనిచేసింది.

ఈస్టరు ముందు శనివారం మా వాళ్ళంతా సమాధులకు సున్నం కొడతారు. పండగ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, తర్వాత గుడిలోకి వెళ్ళి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం, అంటే సంస్కారం తీసుకుంటారు. నాయనమ్మ మా తాత సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టి, కొంగు చాటున పాలగ్లాసు పట్టుకుని ప్రహరీ చుట్టూ తిరిగి వెనక మూలకు పోయేది. అక్కడ సర్కారు తుమ్మ కింద నడుమెత్తు పుట్ట ఉండేది. ఆ పక్క కళ్ళంలో రైతులు మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. ఆ ఘాటుకు దగ్గుకుంటూనే నాయనమ్మ వంగి, పుట్ట మొదట్లో పాలు పోసి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి తిరిగొచ్చేది.

ఎందుకు పోస్తావని చిన్నప్పుడు అడిగితే చెప్పింది. "అక్కడ మా అక్క ఉంది. దాని పక్కన చిన్న దొరసాని బిడ్డ ఉంది. మా అమ్మ పొయ్యమంది, పోస్తన్నా."

కథ అంతకన్నా పెద్దదేం కాదు. నాయనమ్మ తల్లికి మొదటి కానుపులో ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే జ్వరంతో పోయింది. అదే నెలలో చిన్న దొరసానికీ ఆడపిల్ల పుట్టింది, ఆమెకు పాలు పడలేదు. బిడ్డను పోగొట్టుకున్న మా ముత్తవ్వ రొమ్ములు సలపరిస్తుంటే బంగళాకు వెళ్ళి ఆ తెల్లపిల్లకు పాలిచ్చింది. పాకే వయసు దాకా పెంచింది. ఆ ఎండాకాలం గత్తరొచ్చి, అదే కలరా, ఆ పిల్లా పోయింది. పిల్లను పాలరాతి కిందికి పంపడం దొరసానికి ఇష్టం లేకపోయింది. ఏ బిడ్డ పాలు తాగి బతికిందో ఆ బిడ్డ పక్కనే పెట్టమంది. కడుపుకోత పడిన తల్లి బిడ్డ మట్టి మీద తన పాలు పిండటం మా వాళ్ళలో ఉన్నదే. ముత్తవ్వ అలా పిండుతుంటే దొరసాని పక్కన కూర్చుని చూసిందట. ముత్తవ్వ పాలు ఎండిపోయాక గేదెపాలు వచ్చాయి. ఆమె పోయాక ఆ గ్లాసు నాయనమ్మ చేతికి వచ్చింది.

ఇదంతా ఎవరు నమ్ముతారు? ప్రహరీ కట్టినప్పుడు ఆ మూలను బయటికి వదిలేశారు. వానలకు మట్టి పేరుకుంది, దాని మీద చెదలు పుట్ట పెట్టాయి. కంటికి కనిపించేది పుట్టా, దానిలో పాలు పోసే ముసలమ్మా మాత్రమే. నాగులచవితికి ఊరంతా చేసే పనే కదా అది! గుడికొచ్చినా ముసలమ్మకు పాత దేవుళ్ళ మీద మనసు పోలేదనీ, అందుకే దొరసాని కథ అల్లిందనీ మా పెద్దలు తేల్చేశారు. అందరికన్నా గట్టిగా అన్నది సంఘంలో పెద్దాయన. దొర బిడ్డను తీసుకొచ్చి కూలోళ్ళ బిడ్డ పక్కన ఏ దొరైనా పెడతాడా అనేవాడు. ఆయనా కూలోళ్ళ బిడ్డే. నాకు ఒళ్ళు మండేది అందుకే.

పాత అయ్యగారు చూసీ చూడనట్టు పోయేవారు. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రాడు, పట్టుదల మనిషి. పాలు పోయడమన్నా మానుకో, ప్రభువు బల్లకన్నా దూరంగా ఉండు అని సంఘం ముందే చెప్పేశాడు. నాయనమ్మ నోరు ఊరుకోదు కదా, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అందంట చీమ అని అందరిముందూ అనేసింది. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆమెకు సంస్కారం ఆగిపోయింది. అయినా సంస్కారం ఇచ్చే ప్రతి ఆదివారం ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి గుడి మెట్ల మీద కూర్చునేది. లోపల అందరూ వరసలో వెళ్ళి మోకరిస్తుంటే తలుపు సందులోంచి చూసేది. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని.

అసలు భయం వేరే ఉంది. బల్లకు దూరమైనవాళ్ళకు ప్రహరీ లోపల సమాధికి చోటు ఇవ్వరు, అది సంఘం కట్టుబాటు. తాత పక్కన తన కోసం ఆమె ఎప్పుడో స్థలం అట్టిపెట్టుకుంది. ఆ ఏడు చలికాలంలో ఉబ్బసం ముదిరి మనిషి సగమైంది. మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఒక మధ్యాహ్నం నన్నడిగింది. "నన్ను ఎక్కడ పెడతారే? మీ తాత పక్కన పెట్టరంటగా."

పాలు మానెయ్యి నాయనమ్మా, దేవుడేమీ అనుకోడు అన్నాను. ఆమె చేతిలో మిరపకాయ చాటలోకి విసిరేసి లేచిపోయింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తల్లికిచ్చిన మాట ఒకపక్క, తాత పక్కన చోటు ఒకపక్క. ఆమెను ఆ రెండింటి మధ్య ఇరికించినవాళ్ళ మీద కోపం తప్ప నాకూ ఏ దారీ తోచలేదు.

ఆ ఈస్టరు ముందు శనివారం, అందరూ సున్నం బకెట్లతో సమాధుల దగ్గరుండగా, గుడి ముందు ఒక అంబాసిడర్ కారు ఆగింది. దాంట్లోంచి నెరిసిన జుట్టు తెల్లామె దిగింది. దిగీ దిగగానే మిరప ఘాటుకు తుమ్మింది. ఆమె చిన్నదొర మనవరాలు. అయ్యగారు నాకు కబురు పెట్టారు, ఉన్నవాళ్ళలో నా ఇంగ్లీషే కాస్త నయమని.

ఆమె గుడి మెట్ల మీద ఒక పెద్ద కాగితం పరిచింది. వాళ్ళ వంశవృక్షం. ఎన్నో ఏళ్ళుగా తిరిగి తిరిగి వేసుకుందట. ప్రతి మనిషి కిందా ఎక్కడ పుట్టిందీ ఎక్కడ మట్టిలో కలిసిందీ రాసి ఉంది. పెద్దదొర కింద మా ఊరి పేరు చూసి మా వాళ్ళు మురిసిపోయారు. చిన్నదొర మొదటి బిడ్డ దగ్గర మాత్రం పుట్టింది మా ఊళ్ళో అని ఉంది, తర్వాత ఖాళీ. ఆ పిల్ల ఎక్కడుందో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదట. అది తెలుసుకోకుండా పోకూడదని ఇంత దూరం వచ్చానంది.

పెద్దాయన ఆమెను పాలరాతి సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి, దొరల సమాధులు ఇంతే, చిన్నపిల్లది ఏదీ లేదు అన్నాడు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, మా నాయనమ్మ ఇలా అంటుంది అని కూడా చెప్పాను. పెద్దాయనకు కాస్త ఇంగ్లీషు అర్థమవుతుంది. పుట్టల కథలు చెప్పి సంఘం పరువు తియ్యొద్దని కసిరాడు. నేను ఆ కసురునూ ఇంగ్లీషులోకి తిప్పి ఆమెకు చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. పాలా, ఏ పాలు, ఎప్పుడు పోస్తుంది అని అడిగింది. ఈస్టరు తెల్లవారుజామున అని చెప్పాను. ఆమె అక్కడే సమాధి అంచు మీద కూర్చుండిపోయింది. తర్వాత చెప్పింది. వాళ్ళ నాయనమ్మ, అంటే మా చిన్న దొరసాని, సీమలో ప్రతి ఈస్టరు తెల్లవారుజామున పెరటి తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళి, గ్లాసుడు పాలు మట్టిలో పోసి వచ్చేదట. ఎవరడిగినా నోరు విప్పేది కాదట. మనవలంతా ముసలామెకు మతి చలించిందని నవ్వుకునేవాళ్ళట. ఒక్కసారి మాత్రం, ఈమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఎవరికి పోస్తున్నావని అడిగితే, "ఇద్దరికీ" అందట.

ఆ మాటను నాలోనే దాచుకుని ఊరుకుంటానా? సున్నం కుంచెలు పట్టుకున్నవాళ్ళందరికీ వినపడేలా, బళ్ళో ఎక్కాలు చెప్పేటంత గొంతుతో తెలుగులో చెప్పాను. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎవరో పరిగెత్తి నాయనమ్మను తీసుకొచ్చారు.

అందరం ప్రహరీ వెనక్కి వెళ్ళాం. తవ్వి చూద్దామన్నాను. గడ్డపార అక్కడే ఉంది, పట్టుకునేవాడే లేడు. పుట్టలో ఏముందో ఏమో, రేపు పండగ, ఎల్లుండి చూద్దామని పెద్దాయన నసిగాడు. ఇన్నాళ్ళూ పాముకు పాలు పోస్తోందని మా నాయనమ్మను వెలివేసిన మగాళ్ళంతా పాము భయంతో నాలుగడుగులు వెనక్కి వేశారు. నాయనమ్మ కర్ర మీద ఆనుకుని నవ్వింది. "ఏందయ్యా, పాముల్ని నమ్మేది నేనా మీరా?"

నేను కొంగు నడుముకు దోపి గడ్డపార అందుకున్నాను. చెదల మట్టి రాయిలా ఉంది. కాసేపటికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు అయ్యగారు తన తెల్లచొక్కా చేతులు మడిచి వచ్చి ఇంకో గడ్డపార పట్టారు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. పుట్ట కూలింది. పామూ లేదు గీమూ లేదు, ఉన్నవన్నీ చెదపురుగులు. అడుగున గడ్డపార ఖంగుమంది.

బకెట్లతో నీళ్ళు పోసి కడిగారు. నాపరాయి. దాని మీద ఉలితో చెక్కిన సిలువలు రెండు, పక్కపక్కన, రెండూ ఒకే కొలత. ఒకటి దొర బిడ్డదీ ఒకటి కూలోళ్ళ బిడ్డదీ అని చూసి చెప్పడానికి వీల్లేదు. నాయనమ్మ మట్టిలో కూలబడి రెండింటి మీదా చెయ్యి వేసింది. ఆ రాయిని ఆమె కూడా అంతకుముందెన్నడూ చూడలేదు. తల్లి చెప్పిన మాట తప్ప ఆమె దగ్గర ఏ రుజువూ లేదు. "మా అమ్మ అబద్ధం చెప్పలా" అని మళ్ళీ మళ్ళీ అంటూ ఏడ్చింది. తెల్లామె ఆమె పక్కనే కూర్చుని ఏడ్చింది. నేనైతే ఏడవలేదు. పెద్దాయన మొహం కేసి చూస్తూ నిలబడ్డాను, చూడటం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత తెల్లామె కాగితం మళ్ళీ పరిచి, ఖాళీగా ఉన్న చోట మా ఊరి పేరు రాసింది. ఆ పిల్ల పక్కనుంచి కొత్తగా ఒక గీత గీసి, అక్కడ ఏ పేరు రాయాలని నాయనమ్మను అడిగింది. పేరు పెట్టకముందే పోయిందమ్మా, నేను అక్కా అనే అనుకుంటాను అంది నాయనమ్మ. తెల్లామె కలం నా చేతికిచ్చింది. దొరల వంశవృక్షంలో, అన్ని ఇంగ్లీషు పేర్ల మధ్య, నేను తెలుగులో 'అక్క' అని రాశాను. నల్లబల్ల మీద రాసే అక్షరాలకన్నా పెద్దగా రాశాను.

మర్నాడు ఈస్టరు. గుడి కిటకిటలాడింది. తెల్లామె మా ఆడవాళ్ళతో పాటు చాప మీద కూర్చుంది. నాయనమ్మ అలవాటు ప్రకారం మెట్ల మీదే ఆగిపోయింది. అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఆశీర్వదించి, ఎవరినీ వరసలోకి పిలవకుండా, గిన్నె చేత్తో పట్టుకుని నడిమి దారంతా నడిచి గుమ్మం దాకా వచ్చారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూస్తోంది. ఆయన మెట్టు దిగి ఆమె ముందు వంగారు. తప్పు నాదేనమ్మా, తీసుకో అన్నారు.

ఆ క్షణం కోసమే ఆమె అన్ని ఆదివారాలు ఆ మెట్ల మీద కూర్చుంది. నాయనమ్మ మాత్రం గిన్నె వైపు చూసింది, తూరుపు వైపు చూసింది, ఆ వేకువ చుట్టూ మూగిన జనంలో పొయ్యడం కుదరని పాలగ్లాసును కొంగు చాటు నుంచి బయటికి తీసింది.

"ఒక్క నిమిషం ఆగండయ్యగారూ" అంది. "ముందు పిల్లలకి పోసొస్తా."

లోపల్నుంచి లేచొచ్చిన తెల్లామె చెయ్యి పట్టుకుని, మొదటిసారి కొంగు కప్పకుండా గ్లాసు పైకెత్తి పట్టుకుని, ప్రహరీ వెనక్కి నడిచింది. ఆమె తిరిగొచ్చేదాకా అయ్యగారు గిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడే ఉన్నారు. లోపల సంఘమంతా, పెద్దాయనతో సహా, లేచి నిలబడింది.