బొట్టు పెట్టిన కంప్యూటర్‌లో మా వెబ్‌సైట్

మా మేనమామ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. ఏ మాట వచ్చినా ఓ జంపఖానా లాగి, పరిచి, తిరగేసి, "ఏది ముందట? ఏది ఎనుక?" అంటాడు. మంచి జంపఖానా రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్లు నోరు మూసుకోవాలి. పెళ్లి సంబంధాల దగ్గరా అదే, పప్పులో ఉప్పు తక్కువైన రోజూ అదే.

నేను కాశిబుగ్గలో ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు చేస్తాను. సంఘానికి ఒకటి చేసిపెట్టమని మామే అడిగాడు. మిగతా సభ్యులకు అది అస్సలు నచ్చలేదు. కావలసినవాడు దుకాణానికే వస్తాడని వాళ్ల వాదన. మామ ఒక్కడే కొట్లాడి కొట్లాడి, చివరికి పంతానికి పోయి, "మీటింగ్‌ల అందరి ముందట తెరిచి చూపిస్త. సక్కగ లేకుంటే కుర్చీ దిగుత" అనేశాడు. ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం. అందుకని నేనూ ప్రాణం పెట్టి చేశాను. తెర నిండా ఎర్రటి జంపఖానా, వేలితో జరుపుతుంటే చుట్ట విప్పుకుంటూ పోతుంది. ఫోన్‌లో చూసుకుని నా దిష్టే తగులుతుందేమోనని భయపడ్డాను.

మీటింగ్‌కు ముందు మామ నన్ను ఆఫీసుకు తీసుకుపోయి, సంఘం కంప్యూటర్‌లో తెరవమన్నాడు. అది నా పెళ్లికన్నా పాతది. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఇంకెందులోనూ నడవదని దాన్ని ఎవరూ మార్చలేదు. అందులోని బ్రౌజర్‌దీ అదే వయసు. నా సైట్ తెరుచుకుంది. జంపఖానా ఓ మూలకు పోయి ముడుచుకుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బటన్లన్నీ జారి అడుగున కుప్పపడ్డాయి.

"ఇదేంది బిడ్డా, పోగులన్ని తెగినట్టున్నయి" అన్నాడు మామ.

"బ్రౌజర్ పాతది మామా. ఇప్పుడు దీన్ని ఎవ్వలు వాడ్తలేరు."

"నేను వాడ్తున్న గద."

"నా ల్యాప్‌టాప్ తెస్త. దాంట్ల చూపిద్దం."

"సంఘం సైటు సంఘం కంప్యూటర్ల తెరుచుకోకుంటే నా పరువేం గావాలె?" అంటూ అల్మారా వైపు చేయి చాచాడు. ఏం రాబోతోందో నాకు తెలుసు. "అద్దు మామా, సమజైంది" అన్నాను. అయినా జంపఖానా తీసి తిరగేశాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన కుర్చీ నా చేతిలో ఉంది. ఇంటికొచ్చి సైట్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టాను. ముందు పాత బ్రౌజర్‌కు కూడా అర్థమయ్యేంత సాదాగా చేశాను: పైన ఒకే బటన్, కింద సంఘం పేరు, ఒక బొమ్మ, అంతే. కిందికీ పైకీ జరిపే పని లేకుండా మొదటి పేజీ మొత్తం తెరలో ఇమిడిపోయింది. సోకులన్నీ కొత్త ఫోన్లకు మాత్రమే కనిపించేలా విడిగా తొడిగాను. అదే పాత బ్రౌజర్‌ను నా కంప్యూటర్‌లో పెట్టుకుని పరీక్షించాను. ఎక్కడా వంక లేదు.

మీటింగ్ రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. సభ్యులంతా చుట్టూ మూగారు. సైట్ చక్కగా తెరుచుకుంది. ఇక బటన్ నొక్కితే జంపఖానాల బొమ్మలు రావాలి. బటన్ లేదు.

ముందుకు వంగి చూశాను. దసరాకు మగ్గాలకు పెట్టినట్టే ఆ కంప్యూటర్‌కూ బొట్టు పెడతారు. చుట్టూ అంచు సన్నగా ఉందని తెర మీదే, పైన నట్టనడుమ, పసుపు రాసి కుంకుమ పెడతారు. ప్రతి దసరాకూ పాతదాని మీదే కొత్తది పెట్టి పెట్టి, అది అప్పడమంత అయింది. మొన్న బటన్లన్నీ అడుగున పడటంతో నేను దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు నా బటన్ సరిగ్గా దాని వెనక ఉంది. మా ఇంట్లో కంప్యూటర్‌కు బొట్టు లేదు.

చున్నీ కొంగుతో తుడవబోయాను. "బొట్టు తుడుస్తవా బిడ్డా?" అన్నారు నలుగురు ఒక్కసారే. వెనక నుంచి ఎవరో "మేం ముందుగాల్నే చెప్పినం" అని మొదలుపెట్టారు. మామ ఒక చెయ్యి మౌస్ మీద ఉంది, రెండో చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది. ఆయన్ను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"మామా, బాణం గుర్తును బొట్టు ఎనుకకు తోలు. ఆడ్నే నొక్కు" అన్నాను.

బాణం బొట్టు వెనక్కి పోయి మాయమైంది. మామ కళ్లు మూసుకుని నొక్కాడు. తెర నిండా జంపఖానాలు వచ్చాయి.

నూలు కండెలు చుట్టే అత్త ఒకామె, "బొట్టు కాడ నొక్కంగనే సరుకంత బయటికొచ్చింది. మంచి ఆలోచన జేసింది పిల్ల" అంది. అందరూ తలలూపారు. అదంతా నేను కావాలనే చేశానని వాళ్ల నమ్మకం. నేను కాదనలేదు.

అసలు తిప్పలు మర్నాడు మొదలయ్యాయి. సభ్యులు చుట్టాలందరికీ సైట్ పంపించి, బొట్టు దగ్గర నొక్కమని చెప్పారట. "మా ఫోన్ల బొట్టు కనిపిస్తలేదు" అని తొర్రూరు నుంచి కూడా ఫోన్ వచ్చింది. విసుగొచ్చి సైట్‌లోనే బటన్‌ను గుండ్రంగా, ఎర్రగా చేసి, చుట్టూ పసుపు గీశాను.

మామను ఆఫీసులో కలిసి చూపించాను. ఫోన్‌ను తీసుకెళ్లి కంప్యూటర్ పక్కన ఆనించి పెట్టాడు. అక్కడా బొట్టు, ఇక్కడా బొట్టు. చాలాసేపు అటూ ఇటూ చూశాడు. అలవాటుగా జంపఖానా కోసం అల్మారా వైపు చేయి చాచి, ఇక అక్కర్లేదన్నట్టు వెనక్కి తీసుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.