రాజ్యం మర్చిపోలేదు

నిన్న పొద్దున విజయవాడ ఆస్పత్రి నుంచి జగ్గయ్యపేటలో మా ఇంటికి బయల్దేరా. ఆస్పత్రిలో ఉన్న మా ఆవిడ రాజ్యానికి ఉతికిన చీరలు తేవాలి.

బస్సు కంచికచర్ల చేరేసరికి మా అమ్మాయి ఫోన్.

"నాన్నా, వెనక్కి వచ్చెయ్" అని పెట్టేసింది.

దిగి, హైవే దాటి, అవతల నిలబడ్డా. మూడు బస్సులు వెళ్లిపోయాయి. చెయ్యెత్తాలని తోచలేదు.

నా భార్య రాజ్యలక్ష్మి ఇక లేదు. అరవై రెండేళ్లు.

నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారాయని నాలుగేళ్ల కింద టెస్టుల్లో తేలింది. అప్పట్నుంచి ఆర్నెల్లకోసారి ఇంజెక్షన్. బాగానే పనిచేసింది. మళ్లీ మిరప చేలోకి రావడం మొదలుపెట్టింది. కూలీలు బద్ధకిస్తే, "ఏమ్మా, కాయలే నడిచొచ్చి మీ బుట్టలో పడాలా?" అనేది. వాళ్లూ నవ్వేవాళ్లు.

ఈ జనవరిలో ఇంజెక్షన్ డేట్. వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకుంది.

సరిగ్గా ఆ వారమే కోత ముఠా దొరికింది. వదిలితే ఇంకొకరి చేలోకి పోతారు.

"కోతలయ్యాక వెళ్దాంలే, నొప్పి లేదుగా" అన్నా.

"మీ కాయలు ఆగవు గానీ, నా ఎముకలు ఆగుతాయా?" అంది నవ్వుతూ.

కోతలయ్యాక మళ్లీ అడిగింది. కాయ కళ్లంలో ఉంది, అమ్మాక వెళ్దామన్నా.

అలా ఐదు నెలలు.

జూన్‌లో నీళ్ల బకెట్ ఎత్తబోయి అక్కడే కూలబడింది. వెన్నులో మూడు ఎముకలు నలిగాయి.

నందిగామలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇంజెక్షన్ ఎందుకు ఆపారు?" అంది. అది ఆలస్యమైతే అప్పటిదాకా నిలిచిన ఎముక గబగబా బలహీనపడుతుందట.

నేను నోరు తెరిచేలోపే రాజ్యం, "నేనే మర్చిపోయానండి" అంది.

నేను కాదనలేదు.

రెండు నెలలు మంచం మీదే. చివరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే విజయవాడ ఆస్పత్రిలో చేర్చాం.

నిన్న ఇంటికొచ్చినవాళ్లు, "పాపం, తన మందు తనే అశ్రద్ధ చేసుకుంది" అన్నారు. అప్పుడూ ఊరుకున్నా.

తను మర్చిపోలేదు. రెండుసార్లు అడిగింది. వాయిదా వేసింది నేను.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఇంజెక్షన్ వాడుతుంటే డేట్ దాటనివ్వకండి. ఆపాలన్నా డాక్టర్ని అడిగే ఆపండి.

వెళ్లిరా రాజ్యం. నా తప్పు నా పేరునే రాశా. ఇకనైనా నెమ్మదిగా నిద్రపో.