జానెడు టీ మొక్కలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన మొక్కల చదువంతా జామాయిల్ దగ్గర మొదలై జామాయిల్ దగ్గరే ముగిసేది. సెల్‌ఫోన్‌కు ఇన్‌కమింగ్ ఉచితమైందని అందరం మురిసిపోతున్న కాలం. సారపాక దగ్గర ఒక నర్సరీలో టెంపరరీ సూపర్‌వైజర్‌ని (నా కింద ఉన్నది అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక్క కూలి మనిషే, ఆమె కూడా నా మాట వినేది కాదు). మా పెద్దసారు ఎక్కడినుంచో నలభై టీ మొక్కలు తెచ్చి, "వెడల్పాకుది అస్సాం రకం, ఎండను కొంచెం ఓర్చుకుంటది. సన్నాకుది చైనా రకం, దానికి చల్లదనం కావాలె. రెండూ బతికినయంటే నిన్ను పర్మినెంట్ చేస్త" అని చెప్పి నెల రోజులు ఊరెళ్లారు.

ఎండలు ముదురుతున్నకొద్దీ నాకు తిండి సహించడం మానేసింది. నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతుంది, తక్కువైతే ఆకు మాడుతుంది. గ్రీన్‌నెట్ కింద వంగి వంగి నడుము పట్టేసింది. ఇంట్లో పనిబడి రెండు రోజులు ఖమ్మం వెళ్తూ, "ఇవి ఆకు కోసం పెంచే మొక్కలు పెద్దమ్మా, పైలం" అని అప్పగించాను. పెద్దమ్మ ఏటా అడవిలో బీడీలకు వాడే తునికాకు కోసే మనిషి అన్న సంగతి నాకు గుర్తే రాలేదు. తిరిగొచ్చేసరికి నలభై మొక్కలూ జానెడు మోళ్లయి నిలబడ్డాయి.

"ఏంది పెద్దమ్మా, గిట్ల చేసినవ్?"

"ఆకు మొక్కలన్నవ్ గద బిడ్డా. తునికి పొదల్ని ఎండలకు ముంగట కొట్టకుంటే లేతాకు యాడికెల్లి వస్తది? నేలకే కొట్టేదాన్ని గని, పసివని జానెడు ఉంచిన."

నాకు ఏడుపొచ్చింది. రోజూ కణుపులు తడిమి చూసేవాణ్ని. భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాను (రెండు రకాలకూ కలిపి ఒకే కొబ్బరికాయ). అస్సాం రకం త్వరగానే చిగురించింది. చైనా రకం మాత్రం సారు వచ్చే ముందురోజు దాకా నా ప్రాణం తోడేసింది.

సారు మోకాళ్ల మీద కూర్చుని చిగుళ్లు చూశారు. "లేత టీ మొక్కను గిట్లనే కొట్టాలె, అప్పుడే గుబురుగ లేస్తది. ఆకు తక్కువున్నది గాబట్టే ఎండకు ఆగినయ్. ఎవలు చెప్పిన్రు నీకు?"

"పుస్తకంల చదివిన సార్," అన్నాను. బకెట్‌తో పక్కనే ఉన్న పెద్దమ్మ ఆ మాట విని, తర్వాతి మొక్కకు నీళ్లు పోసింది.

"మంచిది. అయితే దీన్ని కొట్టి చూపెట్టు," అంటూ సారు జీపులోంచి కొత్త మొక్క దించి, నా చేతికి కత్తి ఇచ్చారు. ఎంత ఎత్తులో కొయ్యాలో తెలియక కత్తిని పైకీ కిందికీ జరిపాను. పెద్దమ్మ బకెట్ కింద పెట్టి, బొటనవేలు మట్టికి ఆనించి మొక్క పక్కన జాన చాచింది. సారు ఆ చేతిని చూశారు, తర్వాత నన్ను చూశారు.

పర్మినెంట్ చేశారు, పెద్దమ్మను. నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు మొక్కలు కత్తిరించడం నేర్పేది నేనే. స్కేలు ఏది సార్ అంటే జాన చాచి చూపిస్తాను. ఎవరు నేర్పారని అడిగితే మా పెద్దమ్మ అని చెబుతాను. ఆ ఒక్క ముక్క ఆ రోజు ఆమె వింటుండగా అనివుంటే ఎంత బాగుండేది.