రేపల్లె పాసింజర్‌లో వచ్చిన గడ్డ

కరోనాకు రెండేళ్ల ముందు, వేసవి సెలవులు ముగిసి బళ్లు తెరిచే రోజుల్లో, తెనాలిలో నేను పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్ వారు నన్ను హిస్టోపాథాలజీ విభాగానికి చీఫ్ టెక్నీషియన్‌ని చేశారు. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను పరీక్షించి జబ్బు పేరు తేల్చే విభాగం అది. నా కింద ఒకే ఒక్క టెక్నీషియన్ ఉండేవాడు. అంటే నేను అతనొక్కడికే చీఫ్‌ని. అతను ఆ సంగతి నేను రిటైరయ్యేదాకా గుర్తించలేదు. మా ఇద్దరికీ పైన పాథాలజిస్టు డాక్టర్ అరుంధతి మేడం.

పని పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు. సర్జన్ కోసిన ముక్క ఫార్మలిన్ అనే ఘాటు ద్రవంలో మునిగి మా దగ్గరికి వస్తుంది. అది గట్టిపడ్డాక మైనంలో పొదిగి, వెంట్రుక కంటే పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి రంగులు అద్దుతాం. ఆ గాజు పలకే స్లయిడ్. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి మేడం చూస్తారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ముక్కను సర్జన్ దగ్గర్నుంచి ల్యాబుకు ఎవరు తేవాలన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మా ప్రాంతంలో రోగి బంధువులే తెస్తారు. రేపల్లె పాసింజర్‌లో క్యారీబ్యాగులో, టిఫిన్ క్యారియర్ పక్కన, ఎన్ని గడ్డలు తెనాలి చేరాయో రైల్వే వారికి తెలియదు. తెలిస్తే టిక్కెట్టు అడిగేవారు.

పుస్తకాల మాట వచ్చింది కనుక చెప్పాలి. నేను చదివింది ఇంటర్, ఆపైన టెక్నీషియన్ కోర్సు. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. రిఫరెన్సు బీరువాలో ఎవరో కీర్తిశేషులైన డాక్టరుగారి పిల్లలు ఇచ్చిన లావుపాటి పాథాలజీ పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని బయటికి ఇవ్వరు. ఇస్తామన్నా మోయడం కష్టం. ఆదివారాలు వెళ్లి దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఊళ్లో ఆ పుస్తకం పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని లైబ్రేరియన్ అనేవారు. నేను కాదనలేదు.

ఆ జూన్‌లో రేపల్లె నుంచి కరుణాకర్ గారు ఒక సీసా తెచ్చారు. సహకార సంఘంలో గుమస్తా. ఆయన భార్య సుగుణమ్మ గారు అక్కడే ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్. ఆమెకు సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు, మనిషి తగ్గిపోవడం, మెడ మీద రేగిపండంత గడ్డ. రేపల్లె సర్జన్ గడ్డ తీసి సీసాలో వేసి బంధువుల చేతికిచ్చారు. మేం పరీక్ష చేశాం. క్షయ అని తేలింది. ప్రత్యేకమైన రంగు అద్దితే క్షయ క్రిములు ఎర్రటి ఈనెల్లా కనబడతాయి. కనబడ్డాయి. రిపోర్టు ఇచ్చేశాం.

పది రోజులకు కరుణాకర్ గారు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట సుగుణమ్మ గారి అన్నయ్య విజయ్‌కుమార్ గారు. బాపట్లలో ఉంటారు, రైల్వే పార్సిల్ ఆఫీసులో పని. ఆయన చేతిలో బాపట్ల ల్యాబు రిపోర్టు. అందులో హాడ్జ్‌కిన్ లింఫోమా అని ఉంది. శోషరస గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ అది.

బావలిద్దరూ మా కౌంటరు దగ్గరే తేల్చుకోవడం మొదలుపెట్టారు.

"మా బావ ఏది దగ్గరుంటే అందులోకి దూరిపోతాడండి. పెళ్లికి కూడా ఆర్టీసీ బస్సులోనే వచ్చాడు. ల్యాబు కూడా అలాగే చూశాడు" అన్నారు విజయ్‌కుమార్ గారు.

"మా ఆవిడ వాళ్ల అన్నయ్యకి అన్నీ పెద్దవే కావాలండి. జబ్బుతో సహా" అన్నారు కరుణాకర్ గారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, అప్పటికి సుగుణమ్మ గారికి ఏ మందూ మొదలు కాలేదు. భర్త క్షయ బిళ్లలు తెచ్చి పెట్టారు. వాటిని ముట్టుకోవద్దని అన్నయ్య అన్నారు. అన్నయ్య గుంటూరులో క్యాన్సర్ డాక్టరుకు చెప్పి మంచం ఖాయం చేశారు. వెళ్లనివ్వనని భర్త అన్నారు. చిక్కేమిటంటే ఇద్దరి భయంలోనూ అర్థం ఉంది. క్యాన్సర్ మందులు ఒంట్లోని రక్షణ శక్తిని అణగదొక్కుతాయి. ఉన్నది క్షయ అయితే అది చెలరేగిపోతుంది. క్షయ బిళ్లలతో కాలం గడిపితే క్యాన్సర్ తన పని తాను చేసుకుపోతుంది. జ్వరం, చెమటలు, తగ్గిపోవడం రెండు జబ్బుల్లోనూ ఒకటే. ఆమె మాత్రం రోజురోజుకూ చిక్కిపోతున్నారు.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం టెక్నీషియన్ మీదికే వస్తుంది. ఒకరి ముక్క మీద ఇంకొకరి నంబరు పడిందేమోనని. నేను ఆ వారం వచ్చిన మైనపు దిమ్మలన్నీ బయటికి తీసి నంబర్లు సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాపట్ల వారికి ఫోన్ చేశాను. తమవీ సరిగ్గానే ఉన్నాయన్నారు, నన్ను ఓదారుస్తున్న గొంతుతో. రేపల్లె సర్జన్‌కి ఫోన్ చేశాను. తీసింది ఒకటే గడ్డ, పంపింది ఒకటే సీసా అన్నారు. ఆ సీసా మా దగ్గరికే వచ్చింది. అంటే బాపట్ల వారు చూసింది ఎవరిదో గడ్డ అయి ఉండాలి. బాపట్ల వారూ సర్జన్‌కి ఫోన్ చేసి, అదే జవాబు విని, మా గురించి అదే నిర్ణయానికి వచ్చారని తర్వాత తెలిసింది. మీ ముక్క బాపట్ల ఎలా వెళ్లిందని విజయ్‌కుమార్ గారిని అడిగితే, డాక్టరుగారు ఇచ్చిందేనండి అన్నారు. అందులో అబద్ధం లేదు.

ఈలోగా నా గ్రంథాలయ చదువు నిద్ర లేచింది. కికూచి జబ్బు అని ఒకటుంది. చాలా అరుదు. మెడ గ్రంథులు ఉబ్బుతాయి, జ్వరం వస్తుంది. దాన్ని కొందరు క్షయ అనుకుంటారు, కొందరు లింఫోమా అనుకుంటారు, చివరికి దానంతట అదే తగ్గిపోతుంది. రెండు ల్యాబులూ తప్పు, నా పుస్తకం ఒప్పు. ఇంతకంటే అందమైన పరిష్కారం ఉంటుందా? మా స్లయిడ్‌లో ఎర్రటి క్రిములు కనబడుతూనే ఉన్నాయన్నది ఒక్కటే అడ్డం. అంత చక్కటి సిద్ధాంతానికి నాలుగు క్రిములు ఒక లెక్కా అనుకున్నాను. మేడంకి పేజీ నంబరుతో సహా వివరించాను.

ఆమె పూర్తిగా విన్నారు. "పుస్తకం బాగా చదివారు ఖాదర్ గారూ. స్లయిడ్ కూడా ఎవరో ఒకరు చదవాలి కదా. బాపట్ల స్లయిడ్ తెప్పించండి" అన్నారు.

విజయ్‌కుమార్ గారే తెచ్చారు. కొరియర్ మీద ఆయనకు నమ్మకం లేదు, పార్సిల్ ఆఫీసులో పని కదా. కరుణాకర్ గారు వచ్చారు. ఈసారి సుగుణమ్మ గారు కూడా వచ్చారు. మెడ చుట్టూ కొంగు కప్పుకుని, గోడవారన కుర్చీలో కూర్చున్నారు. ఆమెకు వీళ్లు మామూలు వాపని మాత్రమే చెప్పారట. పిల్లలకు ఇంగ్లీషు నేర్పే మనిషి ఇంగ్లీషు రిపోర్టు చదువుకోలేరని ఇద్దరూ ఏకాభిప్రాయంతో నమ్మారు. అప్పటికి మాకు తెలిసి వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

మేడం రెండు స్లయిడ్లనూ మార్చి మార్చి చూశారు. తర్వాత వాటిని తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. శోషరస గ్రంథికి చుట్టూ పల్చటి తొడుగు ఉంటుంది, పండుకి తొక్క ఉన్నట్టు. మా ముక్కకు మూడు వైపులే తొడుగు ఉంది. నాలుగో వైపు తిన్నగా కోసిన అంచు. సర్జన్ కత్తి తగిలిందేమోనని అప్పట్లో దాన్ని ఎవరం పట్టించుకోలేదు. బాపట్ల ముక్కకూ మూడు వైపులే తొడుగు ఉంది. మేడం రెండు స్లయిడ్లనూ దగ్గరికి జరిపారు. చిరిగిన నోటు రెండు ముక్కల్లా అంచులు కలిశాయి.

ఆమె కరుణాకర్ గారి వైపు తిరిగి, సర్జన్ ఇచ్చిన గడ్డ మొత్తం మాకే తెచ్చారా అని అడిగారు.

"మొత్తం అంటే..." ఆయన బావ వైపు చూశారు. "మా వాటా మొత్తం ఇచ్చామండి."

ఆ తర్వాత కథంతా బయటికొచ్చింది. సీసా చేతికి రాగానే ఏ ఊరి ల్యాబు అన్న దగ్గర పేచీ వచ్చింది. ఆసుపత్రి ఎదురుగా టీ బంకు బల్ల మీద రాజీ కుదిరింది. కొత్త బ్లేడు కొన్నారు. గడ్డను సరిగ్గా సగానికి కోశారు. ఒక సగానికి సర్జన్ సీసా, ఇంకో సగానికి కడిగిన పచ్చడి సీసా. ఫార్మలిన్ కూడా సమంగా పోసుకున్నారు. సర్జన్ రాసిన చీటీని జిరాక్సు తీయించారు. ఒక ల్యాబు సంగతి ఇంకో ల్యాబుకు తెలిస్తే ఇద్దరూ కుమ్మక్కవుతారని, ఆ మాట బయట చెప్పకూడదని ఒప్పందం.

"వడ్లు బస్తాలో ఎక్కడ తీసినా అవే వడ్లు కదండీ, ఇదీ అంతే అనుకున్నాం" అన్నారు కరుణాకర్ గారు. సహకార సంఘంలో ఆ పద్ధతి పనికొస్తుంది.

గడ్డ బస్తా కాదు. ఒక కొసన క్షయ, రెండో కొసన క్యాన్సర్. ఒకే గ్రంథిలో రెండూ కాపురం పెట్టడం అరుదు, కానీ ఉంది. నా పుస్తకంలో కూడా ఉంది, అడుగున చిన్న అక్షరాల్లో. బ్లేడు సరిగ్గా రెండింటి మధ్య నుంచి వెళ్లింది. ఏ సర్జనూ అంత కచ్చితంగా కోయలేడు.

రెండు రిపోర్టులూ సరైనవేనని మేడం చెప్పారు. బావలిద్దరి మొహాల్లోనూ ముందు గెలుపు కనిపించింది. భయం కాస్త ఆలస్యంగా వచ్చింది.

గోడవారన కుర్చీలోంచి సుగుణమ్మ గారు మాట్లాడారు.

"నన్ను అడక్కుండా నా మెడ పంచుకున్నారన్నమాట. మందులు కూడా చెరో సగం వేస్తారా అన్నయ్యా?"

మేడం జవాబిచ్చారు. "లేదమ్మా. రెండూ వేయాలి. రెండూ పూర్తిగా వేయాలి. ఏది ముందో డాక్టర్లు చెప్తారు, వీళ్లు కాదు."

"నాకు చెప్పండి మేడం. వీళ్లకి నేను చెప్తాను" అన్నారామె.

బాపట్ల వారి దిమ్మను హైదరాబాద్ పంపి, క్యాన్సర్ కణాలను ప్రత్యేకంగా గుర్తించే పరీక్షతో ఖాయం చేయించాం. ముందు క్షయ మందులు మొదలుపెట్టి, ఒళ్లు కాస్త నిలదొక్కుకున్నాక వాటితో పాటే కీమో ఇచ్చారు. మందుల కాలం అంతా ఆమె రెండు రిపోర్టులనూ తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నారు, ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడు బళ్లు తెరిచేనాటికి మళ్లీ ఉద్యోగంలో చేరారు. మా రెండు ల్యాబులూ ఒకదానికొకటి క్షమాపణ చెప్పుకోలేదు. తప్పు ఎవరిదీ కాదు కనుక ఆ అవకాశం రాలేదు.

కికూచి జబ్బును నేను ఉద్యోగకాలంలో చూడలేదు.

ఈ కేసు నేర్పింది చిన్న విషయమే. రిపోర్టు సీసాలో ఉన్నదాని గురించి మాట్లాడుతుంది. సీసాలో లేనిదాని గురించి అడగవలసింది మనిషి. కేసులు అరుదైనవి కావడానికి జబ్బే కారణం కానక్కరలేదు. బంధువులు చాలు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా కౌంటరులో సీసా తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: గడ్డ మొత్తం తెచ్చారా? కాకుమాను నుంచి వచ్చినా, అడవులదీవి నుంచి వచ్చినా, ఎక్కువమంది మొత్తం తెచ్చామండీ అనేవారు. ఒక్కోసారి మాత్రం వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అలాంటప్పుడు వాళ్లను కూర్చోబెట్టి, రెండో సీసా వచ్చేదాకా మొదటి సీసా మూత తీసేవాణ్ణి కాదు.